తప్పు ముందు మన కంటనే పడాలి

2013 అక్టోబర్ 1. అమెరికా ప్రభుత్వం ఆరోగ్య బీమా కోసం ‘హెల్త్‌కేర్ డాట్ గవ్’ అనే వెబ్‌సైట్‌ను ప్రారంభించింది. తొలిరోజే లక్షల మంది ఎగబడ్డారు. ఆ రోజు ముగిసేసరికి అందులో బీమా పథకం ఎంచుకుని నమోదు పూర్తి చేయగలిగినవాళ్లు ఎంతమందో తెలుసా? ఆరుగురు.

డబ్బుకు కొదవ లేదు. పెద్ద పెద్ద కాంట్రాక్టు కంపెనీలు పనిచేశాయి. దేశాధ్యక్షుడి పరువు దానిమీద ఆధారపడి ఉంది. ఇన్ని ఉన్నా, మామూలు మనిషి ఒకడు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెళ్తే ఏమవుతుందో తీరిగ్గా చూసినవాళ్లు లేరు. అన్ని భాగాలనూ కలిపి పరీక్షించడం చివరి రెండు వారాల్లోనే మొదలైందని ఆ నెల 24న అమెరికా కాంగ్రెస్ కమిటీ ముందు కాంట్రాక్టర్లే చెప్పారు. అంతకంటే లోతైన లోపం డిజైన్‌లోనే ఉంది. ఏ పథకం ధర ఎంతో చూడాలన్నా ముందు ఖాతా తెరవాల్సిందే. ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లు కూడా ఖాతా తెరిచే చోటే గుంపుగా ఆగిపోయారు. సైట్ అక్కడే కుప్పకూలింది.

ఈ రెండో లోపాన్ని పట్టుకోవడానికి కంప్యూటర్ అక్కర్లేదు. కాగితం మీద నాలుగు డబ్బాలు గీసి, పక్కవాణ్ని పిలిచి “నువ్వు ధర తెలుసుకోవాలనుకుంటున్నావు, ఎక్కడ నొక్కుతావు?” అని అడిగితే సరిపోయేది.

వెబ్‌సైట్లు చేసే కుర్రాళ్లకూ, డబ్బిచ్చి చేయించుకునే వ్యాపారులకూ నేను చెప్పదలచుకున్నది ఇదే. కట్టకముందు ఒకసారి, కట్టాక మరోసారి తప్పులు వెతకండి. ఈ రెండు వెతుకులాటలూ వేరువేరు. ఒకదాని పని ఇంకొకటి చేయదు. రెండింటికీ కావాల్సిన గుణం మాత్రం ఒక్కటే: ‘ఇందులో తప్పుంది’ అన్న మాట విని తట్టుకోగలగడం. ఆ గుణం ఎవరికీ పుట్టుకతో రాదు. అలవాటు చేసుకోవాలి.

కాకిపిల్ల కాకికి ముద్దు

రాత్రింబవళ్లు కూర్చుని చేసిన పేజీ మన కంటికి అందంగానే కనిపిస్తుంది. ఏ బటన్ ఎక్కడుందో మనకు తెలుసు, అందుకే అది దాక్కుని ఉన్నా మనకు దొరుకుతుంది. ఏ పదానికి ఏ అర్థం పెట్టామో మనకు తెలుసు, అందుకే అది తికమకగా ఉన్నా మనకు అర్థమవుతుంది. చేసినవాడి జ్ఞాపకం పేజీలోని లోపాలన్నింటినీ పూడ్చేస్తుంది. కొత్తగా వచ్చినవాడికి ఆ జ్ఞాపకం లేదు. వాడి ముందు ఉన్నది తెర ఒక్కటే.

అందుకే మీ పనిని మీరే పదిసార్లు చూసుకున్నా పదిసార్లూ ఒకే కంటితో చూసినట్టు. ఇక్కడ చాలామంది చేసే పని ఏమిటంటే, వేరేవాళ్లకు చూపిస్తారు గానీ ‘ఎలా ఉంది?’ అని అడుగుతారు. అలా అడిగితే ఎవరైనా ‘బాగుంది’ అనే అంటారు. మన వాళ్లలో మొహమాటం ఎక్కువ. స్నేహితుడి పనిని మొహం మీదే బాగాలేదనడానికి నోరు రాదు. అభిప్రాయం అడగకండి, పని అప్పజెప్పండి. “దీనిలో మూడు వేల లోపు ఆకుపచ్చ చీర ఒకటి కొను” అనండి. తర్వాత జరిగేదాన్ని చూడండి. మాట మొహమాటపడుతుంది, వేలు మొహమాటపడదు.

లోపం బయటపడినప్పుడు మీ మనసులో వచ్చే మొదటి వాక్యాన్ని కూడా గమనించుకోండి. ‘వాడికి తెలియదు’ అనుకున్నారా, అక్కడితో నేర్చుకోవడం ఆగిపోయింది. ‘నేను పనికిరాను’ అనుకున్నా అంతే. ‘ఈ బటన్ కనబడటం లేదు’ అనుకుంటే మాత్రం సరిదిద్దడానికి ఒక వస్తువు చేతికి దొరికినట్టే. మీ గురించి మాట్లాడుకోవడం మానేసి బటన్ గురించి మాట్లాడండి.

కట్టకముందు: కాగితం మీద కొట్లాట

పెద్ద ముగ్గు వేసేవాళ్లు చుక్కలు పెట్టగానే వరస సరిచూసుకుంటారు. గీతలన్నీ కలిపాక ఒక చుక్క తక్కువైందని తెలిస్తే తుడిచి మళ్లీ వేయడమే గతి. వెబ్‌సైట్‌కు చుక్కల దశ కాగితం మీదో, ఫిగ్మా లాంటి డిజైన్ యాప్‌లోనో గీసుకునే నమూనా. అక్కడ ఒక పేజీని తీసేయడానికి నిమిషం చాలు. కోడ్ రాసి, డేటాబేస్ కట్టి, పేమెంట్ గేట్‌వే కలిపాక అదే పేజీని కదిపితే నాలుగు చోట్ల పగుళ్లు వస్తాయి.

1976లో ఐబీఎం ఇంజినీర్ మైఖేల్ ఫేగన్ డిజైన్లనూ, ప్రోగ్రాములనూ తనిఖీ చేసే ఒక పద్ధతిని ప్రచురించాడు. అందులో నాకు బాగా నచ్చిన నియమం ఒకటుంది. డిజైన్ తనిఖీ చేసేటప్పుడు దాన్ని చేసినవాడు వివరించడు. సాధారణంగా దాన్ని కట్టబోయే ప్రోగ్రామరే ‘నాకు అర్థమైంది ఇది, నేను ఇలా కడతాను’ అని వివరిస్తాడు. ఆ వివరణకూ, డిజైనర్ మనసులో ఉన్నదానికీ ఎక్కడ తేడా వచ్చిందో అక్కడే తప్పు దొరుకుతుంది. ఇంకో నియమం కూడా ఉంది: ఆ తనిఖీలో దొరికిన తప్పుల లెక్కను ఉద్యోగి పనితీరును కొలవడానికి వాడకూడదు. టీమ్ లీడర్లుగా ఉన్నవాళ్లు ఈ మాటను గట్టిగా పట్టుకోవాలి. తప్పు చెప్పినందుకు ఇంక్రిమెంట్ తగ్గుతుందని తెలిస్తే రేపటి నుంచి ఎవరూ చెప్పరు. అప్పుడు ఆ తప్పులను కస్టమర్లు చెబుతారు.

ఇప్పుడు ఒక ఉదాహరణ తీసుకుందాం. మంగళగిరిలో ఒక చేనేత చీరల దుకాణానికి మీరు వెబ్‌సైట్ చేస్తున్నారనుకోండి. రంగులు, ఫాంట్లు తర్వాత. ముందు ఈ సైట్‌కు ఎవరు వస్తారో రాసుకోండి. హైదరాబాద్‌లో ఉద్యోగం చేస్తూ ఆఫీసు బస్సులో ఫోన్ చూసుకునే అమ్మాయి. డాలస్ నుంచి అమ్మకు చీర పంపాలనుకునే కొడుకు. పెళ్లికి ఒకేసారి ఇరవై చీరలు కావాలనుకునే పెద్దావిడ. ఈ ముగ్గురికీ కావాల్సింది ఒకటి కాదు. మొదటి అమ్మాయికి ధర, డెలివరీ తేదీ వెంటనే కనబడాలి. డాలస్ అబ్బాయి డబ్బు కట్టేది అమెరికా కార్డుతో, చీర చేరాల్సింది తెనాలికి. బిల్లు చిరునామా, డెలివరీ చిరునామా వేరువేరుగా ఇచ్చే వీలుందా? పెద్దావిడకు ఫోన్ చేసి మాట్లాడటానికి నంబర్ కావాలి. ఆ నంబర్ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ఉంటే ఆవిడ లెక్కప్రకారం అది లేనట్టే.

నమూనాలో దొంగ అక్షరాలు నింపకండి. అందంగా కనబడటానికి అర్థంలేని లాటిన్ వాక్యాలు పెట్టి డిజైన్ చేసి, చివర్లో అసలు సమాచారం తెచ్చి అతికించే అలవాటు మనవాళ్లలో ఉంది. అసలు తప్పులు అక్కడే దాక్కుంటాయి. నిజమైన పేర్లు, నిజమైన చిరునామాలు, నిజమైన చీర వర్ణనలు మొదటిరోజే పెట్టండి. తెలుగు పెడితే సగం లోపాలు వెంటనే బయటపడతాయి. ఇంగ్లిష్‌లో ‘బయ్ నౌ’ అన్న చోట ‘ఇప్పుడే కొనండి’ పెట్టగానే బటన్ చాలదు. వరసల మధ్య ఎడం ఇంగ్లిష్ కొలతతో వదిలేస్తే పై వరసలోని ఒత్తులు కింది వరసలోని గుడులకు తగులుతాయి. ‘స్త్రీ’ అని రాస్తే కింది భాగం కత్తిరించినట్టు పోతుంది.

ఇక చిరునామా పెట్టె. మన డోర్ నంబర్లు చూడండి: 8-3-231/బి/45. అడ్డగీతలు, ఏటవాలు గీతలు, మధ్యలో ఒక అక్షరం. ‘ప్రత్యేక చిహ్నాలు అనుమతించబడవు’ అని ఎర్ర అక్షరాల్లో తిట్టే ఫారాలు ఎన్ని చూడలేదు మనం! పేరు పెట్టె కూడా అంతే. ఇంటిపేరు ముందు పెట్టే అలవాటు మనది. దాన్ని ఒక్క అక్షరంగా కుదించి ‘కె’ అనో ‘వి’ అనో రాసుకునేవాళ్లు కోకొల్లలు. చివరి పేరు కనీసం మూడు అక్షరాలుండాలని ఫారం పట్టుబడితే, వాళ్లు తమ పేరును తాము తప్పుగా రాసుకోవాల్సి వస్తుంది. మనిషి పేరును ఒప్పుకోని పేజీ ఆ మనిషిని అవమానించినట్టే. ఇది చిన్న తప్పు అనుకునేవాళ్లతో నేను ఏకీభవించను.

మన అక్షరాలతో పరీక్షించకపోతే ఎంత పెద్ద కంపెనీకైనా దెబ్బ తప్పదు. 2018 ఫిబ్రవరిలో ఐఫోన్లకు ఒక విచిత్రమైన జబ్బు వచ్చింది. జ, ఞ, దీర్ఘం కలిసే తెలుగు కూర్పు ఒకదాంట్లో కంటికి కనిపించని యూనికోడ్ గుర్తు ఒకటి చేరి ఉంటే, ఆ మెసేజ్ అందుకున్న ఫోన్‌లో యాప్ టపీమని మూతపడేది. నోటిఫికేషన్‌గా వస్తే ఫోనే మొరాయించేది. యాపిల్ ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 విడుదల చేసి దాన్ని సరిదిద్దింది. కోట్ల మంది రాసే లిపిలోని ఒక కూర్పు ఎవరి పరీక్షల జాబితాలోకీ రాలేదు. మీ జాబితాలోకి రావాలి.

కాగితం దశలో పనికొచ్చే మరో పని చేయండి. ప్రతి పేజీ దగ్గరా ‘ఇక్కడ మనం అడుగుతున్నది మనకోసమా, వచ్చినవాడి కోసమా?’ అని ప్రశ్నించుకోండి. వెబ్ డిజైన్ పరిశోధకుడు జారెడ్ స్పూల్ 2009లో రాసిన ఒక సంగతి ఈ రంగంలో అందరూ చెప్పుకుంటారు. ఒక పెద్ద ఆన్‌లైన్ దుకాణంలో సరుకు బుట్టలో వేశాక, డబ్బు కట్టేముందు లాగిన్ పేజీ వచ్చేది. పాతవాళ్లయితే లాగిన్ చేయాలి, కొత్తవాళ్లయితే రిజిస్టర్ కావాలి. దుకాణం వాళ్లు దాన్ని సౌకర్యం అనుకున్నారు. మనుషులతో పరీక్షిస్తే అసలు సంగతి తెలిసింది. కొత్తవాళ్లు రిజిస్టర్ అన్న మాట చూసి చిరాకుపడి వెళ్లిపోతున్నారు. పాతవాళ్లకు ఏ ఈమెయిల్ ఇచ్చామో, పాస్‌వర్డ్ ఏమిటో గుర్తులేదు. ‘రిజిస్టర్’ బటన్ తీసేసి ‘కంటిన్యూ’ అని పెట్టి, కొనడానికి ఖాతా అక్కర్లేదని పక్కన రెండు ముక్కలు రాశారు. కొనుగోలు పూర్తి చేసినవాళ్ల సంఖ్య 45 శాతం పెరిగింది. మొదటి ఏడాదిలో అదనంగా వచ్చిన అమ్మకం 30 కోట్ల డాలర్లు. బటన్ రంగు గురించి గంటలు గంటలు వాదించుకునే టీములు ఈ ఒక్క సంగతిని గుర్తుపెట్టుకుంటే చాలు.

కట్టాక: నోరు మూసుకుని చూడటం

సైట్ తయారైంది. ఇప్పుడు మనుషులు కావాలి. ఎంతమంది? డెన్మార్క్‌లో పుట్టిన వెబ్ వాడుక నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లో ఒక లెక్క చెప్పాడు: ఐదుగురితో పరీక్షిస్తే సుమారు 85 శాతం వాడుక లోపాలు దొరుకుతాయి. పదిహేను మందిని ఒకేసారి కూర్చోబెట్టకుండా, ఐదుగురితో చూసి, సరిదిద్ది, మళ్లీ కొత్త ఐదుగురితో చూడమన్నాడు. ఈ లెక్క మీద తర్వాత నిపుణుల మధ్య వాదాలు నడిచాయి. అయినా చిన్న టీముకు ఇంతకంటే చవకైన, ధైర్యమిచ్చే సలహా నాకు కనబడలేదు. ఐదుగురు మనుషులు ఎవరికైనా దొరుకుతారు.

మీ పిన్నిని కూర్చోబెట్టారనుకోండి. ఆవిడ ఫోన్ ఆవిడ చేతికే ఇవ్వండి, మీ ఫోన్ కాదు. మీది కొత్తది, తెర పెద్దది, నెట్ వేగంగా వస్తుంది. ఆవిడ ఫోన్‌కు స్క్రీన్‌గార్డ్ పగిలి ఉంటుంది, స్టోరేజ్ నిండి ఉంటుంది, అక్షరాలు పెద్దవి చేసి పెట్టుకుని ఉంటుంది. మీ కస్టమర్ల ఫోన్లు చాలావరకు అలాగే ఉంటాయి.

ఆవిడ చీర ఎంచుకుంది. ఫోన్ నంబర్ కొట్టింది. ఓటీపీ వచ్చింది. చూద్దామని మెసేజ్‌ల్లోకి వెళ్లింది. అంకెలు గుర్తుపెట్టుకుని తిరిగి వచ్చేసరికి పేజీ మొదటికొచ్చింది. పేరు, చిరునామా అన్నీ ఖాళీ.

“ఏరా, అంతా పోయిందేంటి? నేనేమైనా తప్పు నొక్కానా?”

ఇప్పుడే మీ వ్యక్తిత్వానికి పరీక్ష. చేయి చాపి ‘ఇలా ఇవ్వు పిన్నీ, నేను చూపిస్తా’ అనాలనిపిస్తుంది. అనకండి. “నువ్వేం తప్పు చేయలేదు పిన్నీ. నీకెలా తోస్తే అలా చెయ్యి, నేను చూస్తూ ఉంటాను” అనండి. ఆవిడ మళ్లీ మొదలుపెట్టిందా, వదిలేసి ఫోన్ పక్కన పెట్టిందా, పెద్దగా నిట్టూర్చిందా అన్నీ రాసుకోండి. మీరు పక్కన లేనప్పుడు మీ ప్రతి కస్టమర్‌కూ జరగబోయేది అదే. ఆ కాసేపు మౌనంగా కూర్చోవడం చాలా కష్టం. సమాధానం తెలిసి కూడా చెప్పకుండా ఉండటం అలవాటైనవాడు మంచి డిజైనర్ అవుతాడు, మంచి మేనేజర్ అవుతాడు, ఇంట్లో మంచి తండ్రి కూడా అవుతాడు.

మనుషుల తర్వాత యంత్రాలు. వీటిని వాడుకోవడానికి బద్ధకించకండి, చాలావరకు ఉచితమే. క్రోమ్ బ్రౌజర్‌లోనే ఉన్న లైట్‌హౌస్ పేజీని పరీక్షించి మార్కులు వేస్తుంది. వెబ్ ప్రమాణాలు చూసే డబ్ల్యూ3సీ సంస్థ వాలిడేటర్ కోడ్‌లోని పొరపాట్లు ఎత్తి చూపుతుంది. గూగుల్ కొలతల ప్రకారం పేజీలోని ముఖ్యమైన భాగం 2.5 సెకన్లలోపు కనబడాలి, నొక్కినదానికి 200 మిల్లీసెకన్లలోపు స్పందన రావాలి. బ్రౌజర్‌లోనే నెట్ వేగాన్ని కావాలని తగ్గించి చూసే వీలుంది. ఆఫీసు వైఫైలో పరుగెత్తే పేజీ, పల్లెలో ఒక గీత సిగ్నల్ దగ్గర ఎలా తిరుగుతూ ఉండిపోతుందో అప్పుడు తెలుస్తుంది. ఫోన్ పట్టుకుని మధ్యాహ్నం ఎండలోకి కూడా వెళ్లి చూడండి. తెల్లటి పేజీ మీద లేత బూడిదరంగు అక్షరాలు పెట్టినవాళ్లకు ఆ ఎండే జవాబు చెబుతుంది.

అక్షరం రంగుకూ, వెనక రంగుకూ మధ్య తేడా మామూలు అక్షరాలకు కనీసం 4.5:1 ఉండాలన్నది అంతర్జాతీయ ప్రమాణం. అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీకి చెందిన వెబ్‌ఎయిమ్ సంస్థ ఏటా పది లక్షల వెబ్‌సైట్ల మొదటి పేజీలను యంత్రంతో పరీక్షిస్తుంది. 2025లో వాటిలో దాదాపు 95 శాతం పేజీల్లో ఇలాంటి ప్రమాణాలకు విరుద్ధమైన లోపాలు దొరికాయి. అన్నిటికంటే ఎక్కువగా దొరికింది ఈ రంగుల తేడా లోపమే, 79 శాతం పేజీల్లో. సరిదిద్దడానికి ఐదు నిమిషాలు పట్టే తప్పు ఇది. ఎవరూ వెతకడం లేదంతే.

ఇంకో పని తప్పనిసరిగా చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్‌లో టాక్‌బ్యాక్ ఆన్ చేసి, కళ్లు మూసుకుని మీ సైట్‌లో ఒక చీర కొనడానికి ప్రయత్నించండి. చూపులేనివాళ్లకు తెర మీద ఉన్నదాన్ని చదివి వినిపించే సదుపాయం అది. పేర్లు పెట్టని బటన్ల దగ్గర ‘బటన్, బటన్, బటన్’ అని వినబడుతుంటే, మీరు కట్టిన దుకాణంలోకి కొందరికి తలుపే లేదని అర్థం. 2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు డిజిటల్ సేవలు అందుకోవడం రాజ్యాంగంలోని 21వ అధికరణం ఇచ్చే జీవించే హక్కులో భాగమని తీర్పు చెప్పింది. ఆ కేసు వేసినవాళ్లలో యాసిడ్ దాడికి గురైన మహిళలు ఉన్నారు. బ్యాంకు ఖాతా కోసం కెమెరా ముందు కళ్లు ఆర్పి తెరవమంటే, వాళ్ల రెప్పలు ఆడవు. ఆ తెరను తయారుచేసినప్పుడు ‘కళ్లు ఆర్పలేనివాళ్లు వస్తే?’ అని ఒక్కరు అడిగి ఉంటే ఆ మహిళలు సుప్రీంకోర్టు మెట్లెక్కే అవసరం వచ్చేది కాదు.

ముగ్గురు చూసినా

చాలామంది చూశారు కాబట్టి తప్పుండదు అనుకోవడం ప్రమాదం. 2020 ఆగస్టు 11న సిటీ బ్యాంకులో జరిగింది చూడండి. రెవ్లాన్ కంపెనీ తీసుకున్న అప్పు మీద, అప్పిచ్చినవాళ్లకు ఆ కంపెనీ తరఫున బ్యాంకు 78 లక్షల డాలర్ల వడ్డీ పంపాలి. బ్యాంకు సాఫ్ట్‌వేర్ తెర మీద అసలు సొమ్ము బయటికి పోకుండా ఆపాలంటే మూడు గడుల్లో టిక్ పెట్టాలి. ఒక్కదాంట్లోనే పెట్టారు. అది చాలనిపించేలా ఉంది ఆ తెర. దాదాపు 90 కోట్ల డాలర్లు బ్యాంకు సొంత ఖాతా నుంచి వెళ్లిపోయాయి. అందులో సుమారు 50 కోట్లు వెనక్కి ఇవ్వడానికి కొందరు నిరాకరించారు. బ్యాంకు కింది కోర్టులో ఓడి, 2022 సెప్టెంబర్‌లో పైకోర్టులో గెలవాల్సి వచ్చింది.

ఆ బ్యాంకులో తనిఖీ లేదనుకోకండి. ఒకరు నమోదు చేయాలి, ఇంకొకరు సరిచూడాలి, మూడోవారు ఆమోదించాలి. దాన్ని ‘ఆరు కళ్ల’ పద్ధతి అంటారు. ముగ్గురూ చూశారు, ముగ్గురూ సరేనన్నారు. ముగ్గురూ ఆ తెరను ఒకేలా అపార్థం చేసుకున్నారు.

కాబట్టి తనిఖీకి మనుషులను ఎంచుకునేటప్పుడు లెక్క పెంచుకోవడం కంటే తేడా పెంచుకోండి. మీ క్లాస్‌మేట్లు నలుగురు చూస్తే మీరే నాలుగుసార్లు చూసినట్టు. దుకాణంలో బిల్లు రాసే ఆయన్ని అడగండి, కొరియర్ కుర్రాణ్ని అడగండి. వాళ్లకు వచ్చే ఫిర్యాదులు మీ ఊహకు కూడా అందవు. ఒకరు సరిచూసినదాన్ని ఇంకొకరు చూడబోతున్నప్పుడు మొదటివారి అభిప్రాయం చెప్పకండి. ‘ఆయన చూసేశారు, ఊరికే ఒకసారి చూడండి’ అంటే రెండో తనిఖీ జరగనట్టే లెక్క.

తప్పు చెప్పే తీరు

తప్పు కనబడ్డాక దాన్ని చెప్పడం ఒక కళ. ‘సైట్ పనిచేయడం లేదు’ అని వాట్సాప్‌లో ఒక మెసేజ్ పడేస్తే అవతలివాడికి రెండే దారులు: భయపడటం, ఎదురుతిరగడం. అదే, “రెడ్‌మీ ఫోన్, క్రోమ్ బ్రౌజర్. చిరునామా పేజీలో పిన్‌కోడ్ కొట్టాక ‘తర్వాత’ బటన్ నొక్కితే తర్వాతి పేజీ రావాలి, కానీ ఉన్న పేజీ కదలడం లేదు. రెండుసార్లు చూశాను, రెండుసార్లూ అంతే. స్క్రీన్‌షాట్ పెడుతున్నాను” అని రాయండి. ఏ పరికరం, ఏ చోటు, ఏం చేశారు, ఏం జరిగింది, ఏం జరగాల్సింది. ఈ ఐదూ ఉంటే అవతలి ఇంజినీర్ మీకు దణ్ణం పెడతాడు. అందులో మనిషి పేరు ఎక్కడా లేదని గమనించండి.

హెల్త్‌కేర్ డాట్ గవ్ కథకు మంచి ముగింపే వచ్చింది. కూలిన సైట్‌ను నిలబెట్టడానికి గూగుల్ నుంచి వచ్చిన మైకీ డికర్సన్ రోజువారీ సమావేశాలకు పెట్టిన మొదటి నియమం: ఇక్కడ సమస్యలు తీర్చుకోవాలి, ఎవరిది తప్పో తేల్చుకోవడానికి వేరే చోట్లు చాలా ఉన్నాయి. డిసెంబర్ మొదటికల్లా సైట్ చాలామందికి పనిచేసింది. 2014 ఏప్రిల్ నాటికి, రాష్ట్రాల సొంత సైట్లు కూడా కలిపి, 80 లక్షల మంది బీమా ఎంచుకున్నారు. ఇంజినీర్లు అంతకుముందు కూడా ఉన్నారు. తప్పును భయం లేకుండా బల్ల మీద పెట్టే అలవాటు తర్వాత వచ్చింది.

సైట్ లైవ్‌కు వెళ్లగానే పని అయిపోయిందనుకునేవాళ్లకు ఒక మాట. ఇల్లు అలకగానే పండగ కాదు. ‘మమ్మల్ని సంప్రదించండి’ ఫారం నింపితే వచ్చే మెయిల్ నిజంగా ఎవరికైనా చేరుతోందా? స్పామ్‌లో పడి మగ్గుతోందా? డొమైన్ గడువు ఎప్పటితో తీరుతుంది, అది ఎవరి పేరు మీద ఉంది? సెక్యూరిటీ సర్టిఫికెట్ గడువు తీరితే కస్టమర్‌కు బ్రౌజర్ ‘ఈ సైట్ సురక్షితం కాదు’ అని చూపిస్తుంది. దీపావళి ముందు రోజు అలా జరిగితే ఆ సీజన్ పోయినట్టే. అయిపోయిన చీర పేజీలో ‘కొనండి’ బటన్ ఇంకా వెలుగుతోందా? నెలకోసారి, ఒక తేదీ పెట్టుకుని, కస్టమర్‌లా మీ సైట్‌లో ఒక నిజమైన ఆర్డర్ పెట్టి డబ్బు కట్టి చూడండి. ఆ నెలలో దొరికిన తప్పులన్నీ ఒక నోట్‌బుక్‌లో రాయండి. ఏడాది తిరిగేసరికి అందులో మీరు మళ్లీ మళ్లీ చేసే తప్పులేమిటో మీకే కనబడతాయి. ఏ కోచింగ్ సెంటర్లోనూ చెప్పని పాఠం అది, ఎందుకంటే అది మీ ఒక్కరిదే.

వ్యాపారులకు కూడా ఒక విన్నపం. వెబ్‌సైట్ చేయించుకునేటప్పుడు ఒప్పందంలోనే పరీక్షకు రోజులు, డబ్బు విడిగా రాయించండి. ‘పండక్కి లైవ్ చేసేయాలి’ అని తొందరపెడితే ముందు కోసేది ఆ రోజులనే. హెల్త్‌కేర్ డాట్ గవ్‌లో జరిగింది కూడా అదే.

చేసేవాళ్లకు నా మాట ఇది. ఈ ఆదివారం మీరు చేసిన సైట్ ఏదైనా సరే, దాన్ని ఎప్పుడూ చూడని ఒకరి చేతికివ్వండి. ఒక పని చెప్పండి. పెన్నూ కాగితం తీసుకుని పక్కన కూర్చోండి. వాళ్లు పూర్తి చేసేదాకానో, వదిలేసేదాకానో నోరు మెదపకండి. సోమవారం పొద్దున్న ఆ కాగితంలోని మొదటి తప్పుతో పని మొదలుపెట్టండి.